మంజీర ఒడ్డు చెరుకులో వేరుపురుగు: నులిపురుగు కడుపులోని బ్యాక్టీరియాతో కట్టడి

నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలో మంజీర ఒడ్డున ఉన్న మూడెకరాల కార్శి (నరికిన మొదళ్ల నుంచి మళ్లీ పెరిగిన) చెరుకు తోట ఇది. ఏరు దాటితే బోధన్. ఇంట్లో తెలుగు, తాలూకా ఆఫీసులో మరాఠీ నడిచే ఊళ్లు. కార్శిని ఖోడ్వా అని, మట్టిలో వేర్లు తినే పెంకుపురుగు పిల్లను, అంటే వేరుపురుగును, హుమ్ని అని ఇక్కడి తెలుగు రైతులూ అంటారు. రైతును ఎవరూ గుర్తుపట్టకుండా ఊరి పేరు తీసేశాం. ఇలాంటి తోటల్లో పదే పదే ఎదురయ్యే సంగతులను ఈ ఒక్క కేసు కిందికి తెచ్చి రాశాం.

ఏటికి దగ్గరున్న రెండెకరాలు ఒండ్రు కలిసిన ఇసుక నేల. పైనున్న ఎకరం నల్లరేగడి. సాలుకు సాలుకు నాలుగడుగులు. నీళ్లు బోరువి. ఒండ్రు నేలకు డ్రిప్పు ఉంది, రేగడికి కాలువ తడి.

కనిపించిన లక్షణాలు

కిందటేడు ఆగస్టు చివర్లో తోటలో అక్కడక్కడ దుబ్బులు పసుపెక్కాయి. ముందు అంచు ఆకులు, తర్వాత మొవ్వు. సెప్టెంబరు గాలివానకు ఆ దుబ్బులే ఒరిగిపోయాయి. అలాంటి దుబ్బును చేత్తో పట్టి లాగితే మట్టి కూడా అంటకుండా ఊడి వచ్చింది. వేర్లు లేవు, మొదలు చుట్టూ కొరికిన గుంటలు ఉన్నాయి.

దుకాణంలో ఎండు తెగులని చెప్పి శిలీంధ్రనాశిని ఇచ్చారు. ఈ పొరపాటు చాలా చోట్ల జరుగుతుంది. తేడా పట్టడానికి గడను నిలువునా చీల్చితే చాలు. ఎండు తెగులైతే లోపల మురికి ఎరుపు రంగు తిరిగి, కణుపుల మధ్య డొల్ల పడి ఉంటుంది. వేరుపురుగైతే లోపల శుభ్రంగా ఉంటుంది, నష్టమంతా వేర్లలోనే. ఈ తోటలో చీల్చిన గడలన్నీ శుభ్రంగా ఉన్నాయి.

తర్వాత గుంటలు తవ్వాం. దుబ్బు పక్కనే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు. ఒక్కో నేలలో పది గుంటలు. తవ్విన మట్టిని గోనెపట్టా మీద పరిచి చేత్తో విడదీసి చూశాం. ఒండ్రు నేలలో గుంటకు మూడు నాలుగు పురుగులు దొరికాయి. చదరపు మీటరుకు ఒక పురుగు దాటితే చర్య తీసుకోవాలని సాధారణంగా చెప్తారు. అయితే దుబ్బు పక్కన తవ్విన గుంట లెక్కను నేరుగా మీటరు లెక్కలోకి మార్చకూడదు. పురుగులు వేర్ల దగ్గరే గుమిగూడతాయి, సాళ్ల మధ్య దాదాపు ఉండవు. ముందూ వెనకా పోల్చుకోవడానికే ఈ గుంటలు పనికొస్తాయి.

దొరికిన పురుగు ఏదో తేల్చుకోవడం తప్పనిసరి. పశువుల పేడ వేసిన చేలలో ఎరువును తిని బతికే పురుగులు కూడా ఇలాగే తెల్లగా, వంకర తిరిగి ఉంటాయి. వాటిలో ఒక రకాన్ని నేల మీద వదిలితే వెల్లకిలా తిరిగి వీపు మీద పాకుతుంది. అది వేర్ల జోలికి పోదు, దాని కోసం ఏ మందూ అక్కర్లేదు. వేరుపురుగు కాళ్ల మీదే, పక్కకు ఒరిగి ఈడ్చుకుంటూ పోతుంది. తోక చివరి కణుపు అడుగు భాగాన్ని చేతి భూతద్దంతో చూస్తే పొట్టి ముళ్ల వెంట్రుకలు రెండు సమాంతర వరుసల్లో ఉంటాయి. ఇక్కడ దొరికినవి హోలోట్రైకియా సెర్రేటా. మహారాష్ట్ర, తెలంగాణ చెరుకులో ఎక్కువగా కనపడే జాతి ఇదే.

కిందటేడు పోసిన మందు ఎందుకు పనిచేయలేదు

రైతు అప్పటికే నులిపురుగుల పొడి ఒకసారి కొని వాడి ఉన్నాడు. వేరుపురుగు ఒంట్లోకి దూరి చంపే సన్నటి నులిపురుగులు కలిపిన పొడి అది. సెప్టెంబరులో మధ్యాహ్నం పూట, డ్రిప్పు ఎరువుల ట్యాంకులో కలిపి వదిలాడు. ఫలితం సున్నా. ఈ పద్ధతి మీదే అతనికి నమ్మకం పోయింది. మిగిలిన పొడి డబ్బా పంపుసెట్టు గదిలో రేకుల కింద ఉంది. అందులోంచి చిటికెడు నీళ్లలో కలిపి మైక్రోస్కోపు కింద చూస్తే నులిపురుగులన్నీ సూదుల్లా నిటారుగా, కదలిక లేకుండా పడి ఉన్నాయి. ఈ నులిపురుగు పేరు హెటెరోరాబ్డైటిస్. బతికున్నది అలల్లా మెలికలు తిరుగుతూ కదులుతుంది, చచ్చినది నిటారుగా బిగుసుకుపోతుంది. ఈ ఒక్క గుర్తు తెలిస్తే డబ్బా మీది తేదీని నమ్ముకోవాల్సిన పని లేదు.

డబ్బా తాజాగా ఉన్నా ఆ రోజు ఫలితం వచ్చేది కాదు. కలిపిన నీళ్లను ట్యాంకులో కదపకుండా వదిలితే నులిపురుగులు కాసేపటికే అడుగుకు చేరతాయి. పైన తేరిన నీళ్లు పైపులోకి పోతాయి, పురుగులు ట్యాంకులోనే ఉండిపోతాయి. దాటినవి ఫిల్టరులో చిక్కుతాయి. అక్కడా తప్పించుకున్నవి ఎండకు కాలిన నల్ల పైపులో వేడినీళ్ల పాలవుతాయి. అన్నిటికీ మించి, సెప్టెంబరు నాటికి వేరుపురుగు తన ఎదుగుదలలో చివరిదైన మూడో దశకు చేరుకుంది. ఆ వయసు పురుగును చంపడం ఎందుకు కష్టమో తెలియాలంటే, లోపల ఎవరు ఎవర్ని చంపుతున్నారో ముందు చూడాలి.

చంపేది నులిపురుగు కాదు, దాని పేగులోని బ్యాక్టీరియా

వాడిన నులిపురుగు హెటెరోరాబ్డైటిస్ ఇండికా. కోయంబత్తూరు చెరుకు తోటల నుంచి సేకరించి, 1992లో పాయినార్, కరుణాకర్, డేవిడ్ దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. వేడిని తట్టుకునే జాతి కాబట్టి మన నేలలకు సరిపోతుంది. మట్టిలో తిరిగేది దీని మూడో దశ పిల్లపురుగు మాత్రమే. ఇన్‌ఫెక్టివ్ జువెనైల్ అంటారు, పొట్టిగా ఐజే. పొడవు సుమారు అర మిల్లీమీటరు. నోరూ మలద్వారమూ మూసుకుని, ఏమీ తినకుండా, ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే బతుకుతుంది. పేగులో ఫోటోరాబ్డస్ అనే బ్యాక్టీరియాను మోసుకు తిరుగుతుంది. 1979లో థామస్, పాయినార్ ఈ బ్యాక్టీరియాను జీనోరాబ్డస్ ప్రజాతిలో చేర్చారు. 1993లో దీన్ని వేరే ప్రజాతిగా విడదీశారు.

ఐజే వేరుపురుగు నోట్లోంచో, మలద్వారంలోంచో, ఊపిరి రంధ్రాల్లోంచో లోపలికి దూరుతుంది. హెటెరోరాబ్డైటిస్‌కు తల దగ్గర ఒక చిన్న పన్ను ఉంటుంది, దాంతో పలచని చర్మాన్ని గీరి కూడా దూరగలదు. పురుగు రక్తంలోకి చేరాక పేగులోని బ్యాక్టీరియాను కక్కుతుంది. బ్యాక్టీరియా అక్కడ పెరిగి విషాలు వదులుతుంది. లేత పురుగైతే ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. ఆ తర్వాత జరిగేదే ఈ జంట బతుకులో అసలు కిటుకు. చచ్చిన పురుగు మామూలుగా ఒక రోజులో కుళ్లి కంపు కొట్టాలి. ఇక్కడ కుళ్లదు. ఫోటోరాబ్డస్ తయారుచేసే యాంటీబయాటిక్స్ మిగతా బ్యాక్టీరియాను, బూజును దగ్గరికి రానివ్వవు. చీమలు కూడా ఆ శవాన్ని ముట్టుకోకుండా వదిలేసే పదార్థం ఒకటి అందులో తయారవుతుంది. నులిపురుగులు ఆ బ్యాక్టీరియానే తింటూ లోపల రెండు మూడు తరాలు పెరుగుతాయి. తిండి తరిగాక కొత్త ఐజేలు పేగులో మళ్లీ అదే బ్యాక్టీరియాను నింపుకుని బయటికి వస్తాయి. తేనెపట్టును తినే మైనపు పురుగు ఒక్కదాని శవంలోంచి లక్షకు పైగా ఐజేలు రావడం మామూలే.

బ్యాక్టీరియా ఒక్కటే మట్టిలో బతకలేదు, పురుగు ఒంట్లోకి దూరనూలేదు. నులిపురుగుకు ఆ బ్యాక్టీరియా తప్ప వేరే తిండి కుదరదు. కాబట్టి పొడిలో నులిపురుగులు కదులుతున్నాయా అన్నది సగం పరీక్షే. వాటి పేగులో సరైన బ్యాక్టీరియా ఉందా అన్నది మిగతా సగం. ఈ రెండో పరీక్ష దాదాపు ఎవరూ చేయరు.

ఇక మూడో దశ వేరుపురుగు సంగతి. దాని ఊపిరి రంధ్రాల మీద జల్లెడ లాంటి పలకలుంటాయి, ఐజే వాటిని దాటలేదు. తరచూ మలం వదులుతుంది కాబట్టి అటు నుంచి దూరినవి బయటికి కొట్టుకుపోతాయి. నోటి దగ్గరికి వచ్చినవాటిని కాళ్లతో, దవడలతో తుడిచేస్తుంది. పేగు లోపలి పొర కూడా మందం. ఒకటో దశలో, రెండో దశలో ఈ రక్షణలన్నీ బలహీనం.

పొడి పరీక్ష

కొత్తగా తెచ్చిన పొడిని మూడు రకాలుగా చూశాం.

మొదటిది లెక్క. పది గ్రాముల పొడిని లీటరు నీళ్లలో అరగంట నాననిచ్చి, బాగా తిప్పుతూ ఒక మి.లీ. తీసి పది మి.లీ.కి పలచన చేయాలి. అందులో ఒక మి.లీ.ని గీతల గాజుపళ్లెంలో పోసి లెక్కపెట్టాలి. నూరు కనపడ్డాయి, అందులో ఎనభై కదులుతున్నాయి. ఎనభైని పదితో హెచ్చిస్తే మి.లీ.కి 800. లీటరులో పది గ్రాములే వేశాం కనుక ఒక గ్రాముకు 80,000. అంటే కిలోకు 8 కోట్ల బతికున్న ఐజేలు. కదలనివాటిని సూదితో తట్టి చూడాలి. కొన్ని నిద్రలో ఉంటాయి, తడితే మెలిక తిరుగుతాయి.

రెండోది మైనపు పురుగు పరీక్ష. తేనెపట్టును తినే మైనపు పురుగులు పదింటిని తడి ఫిల్టరు కాగితం పరిచిన పళ్లెంలో పెట్టి, పురుగుకు యాభై ఐజేల చొప్పున వదలాలి. చీకట్లో, 28 డిగ్రీల దగ్గర ఉంచాలి. 48 గంటల్లో చచ్చి, ఇటుక ఎరుపుకు తిరగాలి. శవం మెత్తగా, సాగేలా ఉండాలి, కంపు రాకూడదు. గదిని పూర్తిగా చీకటి చేసి, కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా పది నిమిషాలు ఆగి చూస్తే శవం సన్నగా వెలుగుతుంది. మట్టిలో ఉంటూ మిణుకుమనే బ్యాక్టీరియా ఇదొక్కటే అనుకోవచ్చు. నల్లగా మారి కంపు కొడితే వేరే బ్యాక్టీరియా చంపిందని అర్థం, ఆ పొడిని వాడకూడదు. గోధుమ రంగుకో, పాలిపోయిన పసుపుకో తిరిగితే డబ్బాలో స్టైనర్నీమా ఉందని అనుమానించాలి. అదీ పనికొచ్చే నులిపురుగే, దానిలో ఉండేది జీనోరాబ్డస్ బ్యాక్టీరియా. కానీ చీటీ మీద రాసిందీ లోపల ఉన్నదీ ఒకటి కాదన్నమాట.

మూడోది బ్యాక్టీరియా రూపం. ఫోటోరాబ్డస్‌కు రెండు రూపాలున్నాయి. మొదటి రూపం రంగు, వెలుగు, యాంటీబయాటిక్స్ తయారుచేస్తుంది, నులిపురుగుకు మంచి తిండి అవుతుంది. ల్యాబ్‌లో ఎక్కువ కాలం పెంచితే కొంత రెండో రూపంలోకి మారుతుంది. ఆ రూపం పురుగును చంపగలదేమో గానీ నులిపురుగును పెంచలేదు. అలాంటి బ్యాచు పొలంలో ఒక్క దెబ్బతో ఆగిపోతుంది, రెండో తరం ఐజేలు రావు. పరీక్షకు చచ్చి ఒక రోజైన మైనపు పురుగును 70 శాతం ఆల్కహాల్‌లో ముంచి తీసి, కాలు కత్తిరించి, వచ్చిన రక్తపు చుక్కను ఎన్‌బీటీఏ పళ్లెం మీద గీయాలి. న్యూట్రియంట్ అగార్ లీటరుకు బ్రోమోథైమాల్ బ్లూ 25 మి.గ్రా., ట్రైఫినైల్ టెట్రజోలియం క్లోరైడ్ 40 మి.గ్రా. కలిపితే అదే ఎన్‌బీటీఏ. 28 డిగ్రీల్లో రెండు రోజులకు మొదటి రూపం రంగును పీల్చుకుని ఆకుపచ్చ గుంపులుగా పెరుగుతుంది, రెండో రూపం ఎర్రగా పెరుగుతుంది. ఈ బ్యాచు ఆకుపచ్చగా వచ్చింది. ఈ సౌకర్యం లేనివాళ్లకు మోటు పరీక్ష ఒకటుంది. ఎర్రబడ్డ శవాలను వైట్ ట్రాప్ మీద పెట్టడం. పెద్ద పళ్లెంలో నీళ్లు, మధ్యలో బోర్లించిన చిన్న పళ్లెం, దాని మీద అంచులు నీళ్లను తాకేలా తడి కాగితం, కాగితం మీద శవాలు. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల్లో ఐజేలు నీళ్లలోకి దిగాలి. దిగకపోతే ఆ బ్యాచు సంగతి అంతే.

పొడిని పొలానికి తీసుకెళ్లేదాకా 15 డిగ్రీల దగ్గర ఉంచాం. ఇంటి ఫ్రిజ్‌లో నాలుగైదు డిగ్రీల్లో పెడితే ఈ ఇండికా జాతి తట్టుకోలేదు. చల్లగా పెట్టడమే మంచిదనుకుని దుకాణాల్లో చేసే నష్టం ఇది.

ఎప్పుడు వేయాలి

వేరుపురుగు ఏడాదికి ఒక్క తరమే. తొలకరి వానకు పెంకుపురుగులు సాయంత్రం చీకటి పడేవేళ మట్టిలోంచి లేచి వేప, తుమ్మ, రేగు చెట్ల మీదికి చేరతాయి. ఆ వారం కొమ్మలు దులిపి కిరోసిన్ నీళ్లలో పడేస్తే మిగతా పని సగం తగ్గుతుంది. అయితే ఊరంతా కలిసి చేయాలి, ఒక్క రైతు చేస్తే పక్క చేను నుంచి వచ్చి గుడ్లు పెడతాయి. గుడ్లు పదీ పన్నెండు రోజుల్లో పగులుతాయి. ఆగస్టు మధ్య దాటేసరికి చాలావరకు మూడో దశకు వస్తాయి, అక్టోబరులో కోశస్థ దశకు పోవడం మొదలవుతుంది.

ఈ లెక్కన జులై మూడో వారం సరైన అదను. తేదీని చూసి కాకుండా తొలకరి పడిన రోజు నుంచి ఐదారు వారాలు లెక్కపెట్టి, గుంటలు తవ్వి పురుగు సైజు చూసి పోయాలి. ఈసారి తవ్వినప్పుడు చాలావరకు రెండో దశ పురుగులే దొరికాయి.

మోతాదు, పోసిన విధానం

ప్రామాణిక మోతాదు హెక్టారుకు 250 కోట్ల ఐజేలు. చదరపు సెంటీమీటరుకు 25 అన్నమాట, ఎకరానికి వంద కోట్లు. కిలోకు 8 కోట్లు ఉన్న పొడితో ఎకరమంతా పోయాలంటే పన్నెండున్నర కిలోలు కావాలి. అయితే చెరుకులో పురుగు ఉండేది దుబ్బు వరుసలోనే. నాలుగడుగుల సాలులో దుబ్బుల వెంట 40 సెం.మీ. పట్టీకే పోస్తే నేల మూడో వంతు అవుతుంది. మోతాదు చదరపు సెంటీమీటరుకు 25 గానే ఉంటుంది, మొత్తం మాత్రం ఎకరానికి 34 కోట్లకు దిగుతుంది. పొడి నాలుగుంపావు కిలోలు. పొదుపు పేరుతో ఈ 34 కోట్లనే నేలంతా చల్లితే రెండు విధాలా నష్టం.

ఇంట్లో మైనపు పురుగుల్లో పెంచుకుందామని అడిగేవాళ్లు ఉంటారు. లెక్క వేసి చూడాలి. ఒక శవానికి లక్షన్నర ఐజేలు వచ్చినా, ఎకరం పట్టీకి రెండు వేలకు పైగా శవాలు కావాలి. పసుపు మడికో, నర్సరీకో, ఏలకుల చెట్ల మొదళ్లకో శవాలనే పాతిపెట్టడం కుదురుతుంది. ఎకరాల చెరుకుకు కుదరదు.

ఎకరానికి 400 లీటర్ల నీళ్లు, అంటే 16 లీటర్ల పంపుతో 25 సార్లు. ఒక్కో పంపుకు 170 గ్రాముల పొడి. దాన్ని బకెట్లో రెండు మూడు లీటర్ల నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, దోమతెర గుడ్డతో వడకట్టి పంపులో పోశారు. దట్టమైన నూలు గుడ్డతో వడకడితే నులిపురుగులు గుడ్డలోనే ఉండిపోతాయి. పంపులోని జాలీ, నాజిలు రెండూ తీసేశారు. పంపు కలుపుమందుకు వాడింది కాకూడదు, వాడిందే అయితే సబ్బుతో రెండు మూడుసార్లు కడగాలి. ఎండలో పరిచిన పైపులోంచి మొదట వచ్చే వేడినీళ్లు పారబోసి, చల్లటి నీళ్లు వచ్చాక పట్టుకోవాలి. 30 డిగ్రీలు దాటిన నీళ్లు వాడొద్దు. ప్రతి సాలు చివర పంపును ఊపాలి. కలిపిన నీళ్లను గంటకు మించి ఉంచకూడదు. నీళ్లలో గాలి తరిగి నులిపురుగులు ఊపిరాడక చస్తాయి.

ముందు రోజు వాన పడి నేల పదునుగా ఉంది. సాయంత్రం ఐదు దాటాక మొదలుపెట్టి చీకటి పడేలోపు ముగించారు. ఎండ తగిలితే ఐజేలు నిమిషాల్లో చస్తాయి. పోసిన వెంటనే ఒండ్రు నేలకు డ్రిప్పు అరగంట వదిలారు, మట్టి పైన ఉన్నవి లోపలికి దిగడానికి. తర్వాత రెండు వారాలు నేల ఆరకుండా చూశారు. ఆ రెండు వారాలు యూరియా వేయలేదు. వేర్ల నులిపురుగుల కోసం అమ్మే మందులు అసలు దగ్గరికి రానివ్వలేదు, అవి మన నులిపురుగులనూ చంపుతాయి. ఫోరేట్ గుళికల ఊసే అక్కర్లేదు, 2020 చివరితో అది దేశంలో నిషేధమైంది.

పోస్తుండగా పక్క చేను పెద్దాయన వచ్చి అడిగిన మాట ఈ ప్రాంతంలో అందరూ అడిగేదే.

"నులిపురుగులంటే పసుపు కొమ్ములను ఖరాబు జేసేటివే గద సార్? పైసలిచ్చి కొని మల్ల చేన్ల పోసుడేంది?"

"అవి వేరే కాకా. పసుపు వేర్లల్ల గడ్డలు జేసేదానికి నోట్లె సూది ఉంటది, వేరును గుచ్చి రసం పీలుస్తది. దీనికి ఆ సూది లేదు. వేరును ఏం జెయ్యలేదు, పురుగునే పడ్తది."

"మరి వానపాములు?"

"వాటి జోలికి పోదు."

మనుషుల సంగతి కూడా చెప్పాలి. ఫోటోరాబ్డస్‌లో అసింబయోటికా అనే జాతి అమెరికాలో, ఆస్ట్రేలియాలో కొందరికి సోకినట్టు నమోదైంది. ఇండికాలో సాధారణంగా ఉండేది ఆ జాతి కాదు. అయినా చేతికి కోత ఉన్నవాళ్లు తొడుగులు వేసుకుని కలపడం మంచిది.

ఫలితం

ఒండ్రు నేలలో ఐదు సాళ్లు, రేగడిలో ఐదు సాళ్లు ఏమీ పోయకుండా వదిలాం. రైతుకు ఇది నచ్చదు, అయినా ఒప్పించాలి. అక్టోబరు నాటికి పురుగులు కోశస్థ దశకు పోయి గుంటల్లో లెక్క దానంతటదే తగ్గుతుంది. పోయని సాళ్లు లేకపోతే ఆ తగ్గుదలంతా మందు గొప్పతనంగా రాసేస్తారు. చాలా రిపోర్టులు ఇలాగే తయారవుతాయి.

పోసిన మర్నాడు పట్టీలోంచి మట్టి తీసి, డబ్బాకు 200 గ్రాముల చొప్పున ఐదేసి మైనపు పురుగులు వేసి, మూత పెట్టి బోర్లించాం. మూడో రోజుకు ఒండ్రు నేల డబ్బాల్లో దాదాపు అన్నీ ఎర్రబడ్డాయి. రేగడి డబ్బాల్లో కొన్నే.

మూడు వారాలు దాటాక మళ్లీ పది పది గుంటలు తవ్వాం. ఒండ్రు నేలలో పోసిన సాళ్లలో ఎక్కువ గుంటలు ఖాళీ, కొన్నింట్లో ఒక్కో బతికిన పురుగు. పోయని సాళ్లలో గుంటకు రెండు నుంచి నాలుగు. ఎర్రబడ్డ వేరుపురుగు శవాలు రెండే దొరికాయి. అది తక్కువేమీ కాదు. శవం కొద్ది రోజులకే చితికి మట్టిలో కలిసిపోతుంది. దొరికిన ఒకదాన్ని నీళ్ల చుక్కలో చీలిస్తే లోపల ఎర్రటి జిగురు దారంలా సాగింది, అందులో తల్లి నులిపురుగులు కనపడ్డాయి. ఇంకోదాన్ని వైట్ ట్రాప్ మీద పెడితే కొత్త ఐజేలు నీళ్లలోకి దిగాయి. పొలంలో రెండో తరం మొదలైందనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు. సెప్టెంబరు గాలివానకు పోసిన సాళ్లలో దుబ్బులు నిలబడ్డాయి, పోయని ఐదు సాళ్లలో ఒరిగాయి.

రేగడి ఎకరంలో పోసిన సాళ్లకూ పోయని సాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కారణాలు రెండు. బంకమట్టిలో రేణువుల మధ్య సందులు మరీ సన్నం, అర మిల్లీమీటరు పురుగు వాటిలో పాకలేదు, ఉన్నచోటే ఉండిపోతుంది. రెండోది పగుళ్లు. జులైలో రేగడి ఇంకా పూర్తిగా మూసుకోలేదు. పోసిన నీళ్లు పట్టీలో ఇంకకుండా పగుళ్ల వెంట జారి వేర్ల కిందికి పోయాయి.

ఆగస్టులో మంచి వానలకు పగుళ్లు మూసుకున్నాక రేగడిలో రెండోసారి వేరే విధంగా పోశారు. గడ్డపారతో దుబ్బుకు రెండు వైపులా ఆరంగుళాల లోతు గుంతలు గుచ్చి, దుబ్బుకు మొత్తం 100 మి.లీ. పోసి, గుంతను కాలితో తొక్కి మూశారు. సాలులో రెండడుగులకో దుబ్బు లెక్కన ఎకరానికి సుమారు 5,400 దుబ్బులు, 540 లీటర్ల నీళ్లు. ఐజేలు అవే 34 కోట్లు, దుబ్బుకు అరవై వేల పైచిలుకు. ఎకరమంతా గుచ్చడం కూలికి గిట్టదు. అందుకే కిందటేడు ఒరిగిన జాగాలకూ, వాటి చుట్టూ నాలుగైదు సాళ్లకూ మాత్రమే చేశారు. ఆ జాగాల్లో ఎర్ర శవాలు కనపడ్డాయి, పురుగులు తగ్గాయి, కానీ ఒండ్రు నేలంత తగ్గలేదు. అప్పటికే కొన్ని మూడో దశకు వచ్చేశాయి. రేగడిలో మా సలహా ఇది. మొదటిసారే పగుళ్లు మూసుకునేదాకా ఆగి గుచ్చి పోయాలి. అంతకు మూడు నాలుగు వారాల ముందు మెటారైజియం బూజును పశువుల ఎరువులో కలిపి సాళ్లలో వేస్తే, బూజుతో నీరసించిన పురుగును నులిపురుగు సులువుగా పడుతుంది.

మరుసటి ఏడు

నరికాక ఆకు చెత్తను కాల్చడం ఇక్కడ అలవాటు. ఈ తోటలో ఒండ్రు నేల చెత్తను కాల్చకుండా సాళ్ల మధ్య పరిచారు. చెత్త కింద ఎండాకాలంలోనూ కాస్త చెమ్మ నిలుస్తుంది, వేడి తగ్గుతుంది. ఐజేలు బతకడానికి ఆ రెండే కావాలి. రేగడిలో కొంత భాగం కాల్చేశారు.

తర్వాతి జులైలో మందు పోయకముందే మట్టి డబ్బాల పరీక్ష పెట్టాం. కాల్చిన జాగా మట్టిలో ఒక్క మైనపు పురుగూ ఎర్రబడలేదు. చెత్త పరిచిన ఒండ్రు నేలలో పది డబ్బాలకు మూడింట్లో ఎర్రబడ్డాయి. అది చూసి మోతాదు సగానికి తగ్గిద్దామని రైతు అన్నాడు. తగ్గించలేదు. మూడు డబ్బాల్లో ఎర్రబడ్డాయంటే ఐజేలు అక్కడక్కడ గుంపులుగా మిగిలాయనే తప్ప పట్టీ పొడవునా ఉన్నాయని కాదు. ఎకరానికి 34 కోట్లే మళ్లీ పోశారు, ఈసారి ముందుగా చెత్తను దుబ్బుల నుంచి ఒక జానెడు పక్కకు జరిపి.